911 అమ్మేసి హురకాన్ తెచ్చుకుందామని ఉంది. ఇట్టా మారినోళ్ళు ఎవరైనా ఉన్నారా?

టిక్కీల రాయుడు (గుంటూరు)

అందరికీ నమస్కారం. నా దగ్గర 2020 మోడల్ పోర్షా 911 కరేరా ఎస్ ఉంది. తెల్లది, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా. ఇప్పుడు బెంగళూరులో ఒక లాంబోర్గిని హురకాన్ ఈవో అమ్మకానికి వచ్చింది, పచ్చరంగు. నాది ఇచ్చేసి పైన కొంత కలిపి దాన్ని తెచ్చుకుందామని మనసు ఒకటే పీకుతోంది. రెండూ ఉంచుకునే స్తోమత లేదు. ‘రెండూ ఉంచుకో బ్రో’ అని రాయబోయేవాళ్ళు దయచేసి ఆగండి.

నా సంగతి చెప్తా. ఏటుకూరు రోడ్డులో కోల్డ్ స్టోరేజీ. జనవరిలో కొత్త సరుకు దిగిందంటే మే దాకా మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు తప్ప ఇంకోటి కనపడదు నాకు. ఆ సీజన్లో బండి కవరు కూడా తియ్యను. మిగతా నెలల్లో ఆదివారం తెల్లారకముందే లేచి మంగళగిరి మీదుగా అమరావతి సీడ్ యాక్సెస్ రోడ్డు, అక్కణ్ణుంచి ఉండవల్లి, టిఫిన్ తిని ఇంటికి. పిల్లలిద్దరూ వెనక సీట్లలో ముడుచుకుని కూర్చుంటారు. పెద్దదానికి పదకొండేళ్ళు. ఇంకో ఏడాది పోతే ఎట్టాగూ పట్టదు.

911 మీద ఫిర్యాదు చేద్దామంటే దొరకట్లా. వానలో తీశా, మిర్చి యార్డుకి తీసుకెళ్ళా, తెనాలిలో పెళ్ళికి పోయొచ్చా. ఒక్కరోజు మొండికేసింది లేదు. కానీ మా నాయన దాన్ని ఇప్పటికీ ‘ఆ తెల్లకారు’ అనే అంటాడు. అంత డబ్బు పోసింది తెల్లకారు అనిపించుకోవడానికా అని అప్పుడప్పుడూ అనిపిస్తది. దాచుకోవడం ఎందుకు!

మొన్న హైదరాబాదులో మా బావమరిది స్నేహితుడి హురకాన్‌లో ఔటర్ మీద పక్కన కూర్చున్నా. ఆ వీ10, అంటే పది సిలిండర్ల ఇంజను శబ్దం ఇంకా చెవిలోనే ఉంది. పైగా 2024తో హురకాన్ కథ అయిపోయింది. దాని తర్వాత వచ్చిన టెమెరారియోకి టర్బో వీ8, హైబ్రిడ్. టర్బో లేని ఆ 5.2 లీటర్ల ఇంజను కొత్తబండిలో ఇంక రాదుగా. ఇప్పుడు కాకపోతే ఎప్పుడు?

ఇట్టా మారి బాధపడ్డోళ్ళు ఉంటే ఎందుకు బాధపడ్డారో చెప్పండి. పడనోళ్ళు కూడా చెప్పండి. మన స్పీడు బ్రేకర్ల మీద దాన్ని రోజూ తిప్పేవాళ్ళు ఎవరన్నా ఉన్నారా అసలు?


ఈఎంఐ ఎదురీత (బ్రాడీపేట)

అన్నా, ఆల్టో ఇచ్చేసి స్విఫ్ట్ తీసుకునేటప్పుడు నాకూ ఇట్టానే నిద్ర పట్టలా. తర్వాత కిస్తీలు మొదలయ్యాక అసలు పట్టలా. 911 ఎవరికీ వద్దంటే మా ఇంటి ముందు చోటుంది, చెప్పు.


పటమట పీడీకే (విజయవాడ)

రాయుడు గారూ, నేను సరిగ్గా ఇదే మార్పు చేశాను. మీదానికి ముందుతరం 911 (991 అంటారు) ఇచ్చేసి, ఈవో కంటే ముందొచ్చిన హురకాన్ ఎల్పీ 610-4 తెచ్చుకున్నా. ఇప్పటికీ నా దగ్గరే ఉంది, అమ్మే ఉద్దేశం లేదు. కాబట్టి కొని ఏడుస్తున్నవాడి మాట అనుకోకుండా చదవండి.

ముందు శబ్దం. మీరు విన్నది ఔటర్ మీద, ఇంకొకరు తొక్కుతుంటే. ఈవోలో 640 హార్స్‌పవర్ పూర్తిగా వచ్చేది 8,000 ఆర్పీఎం దగ్గర, అంటే ఇంజను నిమిషానికి అన్ని చుట్లు తిరిగినప్పుడు. ఐదారు వేలు దాటితే తప్ప ఆ ఇంజను గొంతు విప్పదు. రెండో గేర్లో అక్కడిదాకా లాగితేనే మీటర్ వంద చూపిస్తుంది. నాలుగు వరసల హైవే మీద మనకున్న హద్దే 100. మూడో గేర్లో ఆ పాట వినాలంటే స్పీడు కెమెరాతో ఫోటో కొట్టించుకోవడానికి సిద్ధపడాలి. మీ కరేరా ఎస్ చూడండి, 530 న్యూటన్ మీటర్ల టార్కు, అంటే లాగే బలం, 2,300 ఆర్పీఎం నుంచే మొత్తం ఉంటుంది. కాజా టోల్ గేటు దాటి కాలు ఆనిస్తే చాలు, వీపు సీటుకు అతుక్కుంటుంది. హద్దు లోపలే అయిపోతుంది సరదా. నా 991లో రోజూ దొరికిన ఆ సుఖం హురకాన్‌లో ఎప్పుడో గానీ దొరకదు. దొరికినప్పుడు మాత్రం, అబ్బ, దానికి సాటి లేదు. అందుకే అమ్మలేకపోతున్నా.

రెండోది వెడల్పు. మీ బండి 1,852 మిల్లీమీటర్లు, ఈవో 1,933. ఎనిమిది సెంటీమీటర్లే కదా అనుకోకండి. బందరు రోడ్డులో సాయంత్రం ఆరింటికి ఆ ఎనిమిదీ ఎక్కడ పెట్టాలో తెలియదు. ఎత్తు 1,165. సిగ్నల్ దగ్గర ఆర్టీసీ బస్సు పక్కన ఆగితే చక్రం బోల్టులు నా కళ్ళకెదురుగా ఉంటాయి. వెనక ఏముందో అద్దంలో చూసి చెప్పడం కష్టం, కెమెరానే గతి.

ముక్కు పైకి లేపే మీట ఆ బండికి ఉందో లేదో ముందు కనుక్కోండి, అది ఆప్షన్‌గా ఇచ్చేవారు. లేకపోతే బేరమే ఆడొద్దు. ఉన్నా సరే, మన కాలనీల్లో ఎవరికి వాళ్ళు పోసుకున్న సిమెంటు దిబ్బల మీద ముక్కు దాటుతుంది, కడుపు తగులుతుంది. ఏటవాలుగా ఎక్కించాలి. వెనక ఆటోవాడు హారన్ కొడుతుంటే ఏటవాలుగా ఎక్కించడం ఒక విద్య.

ఇక జనం. మిమ్మల్ని చూసి ఎవరూ ఆగట్లేదని మీ బాధ. నన్ను చూసి ఆగని వాడు లేడని నాది. బెంజ్ సర్కిల్ దగ్గర కుర్రాళ్ళు బైకు నడుపుతూనే ఒక చేత్తో ఫోన్ పట్టుకుని పక్కకొస్తారు. వాడు అద్దానికి తగులుతాడా, తనే పడతాడా అని చూసుకోవడంతోనే సరిపోతుంది, ఇంక ఇంజను ఎక్కడ వింటాం? పునుగుల బండి దగ్గర ఆపితే ఒకరు తినాలి, ఒకరు కారుకి కాపలా. 911ని రోడ్డు పక్కన పెట్టి వెళ్ళిపోయేవాణ్ణి. మా ఆవిడ కూరగాయలకి కూడా అదే తీసుకెళ్ళేది. హురకాన్ తాళాలు ఆవిడ ముట్టుకోలేదు. మా అబ్బాయి మొదట్లో వచ్చేవాడు, రెండే సీట్లు కాబట్టి వాడొస్తే వాళ్ళమ్మ రాదు. మెల్లగా అది నేనొక్కణ్ణే తిప్పుకునే బండి అయిపోయింది.

హురకాన్ కొన్నందుకు నాకేం బాధ లేదు. 911 ఇచ్చేసినందుకు మాత్రం ఉంది. మీ పెద్దమ్మాయి వెనక సీట్లో పట్టేది ఇంకో ఏడాదే అంటున్నారు. ఆ ఏడాది అయ్యాక చూడకూడదా? ఇప్పుడు కాకపోతే ఎప్పుడు అని భయం వద్దు. 2022లోనే ఇరవై వేలవ హురకాన్ ఫ్యాక్టరీ దాటింది. మన దేశంలో సెకండ్ హ్యాండ్‌వి తక్కువే గానీ, వస్తూనే ఉంటాయి.


అరండల్‌పేట డాక్టర్ (గుంటూరు)

పై మిత్రుడి మాటలన్నీ నిజమే. అయినా రాయుడు గారు తీసుకోవాలనే నా ఓటు. నాకు యాభై ఎనిమిది. ఆడీ ఆర్8 కొనాలని ఏళ్ళ తరబడి అనుకున్నా. మీ హురకాన్‌లో ఉన్నదీ అదే 5.2 లీటర్ల వీ10. పిల్ల పెళ్ళి, క్లినిక్ పైన అంతస్తు, ఏదో ఒకటి అడ్డమొచ్చేది. 2024లో దాని తయారీ ఆపేశారు. సెకండ్ హ్యాండ్‌ది చూద్దామని వెళ్తే సీట్లోకి దిగడం దిగాను గానీ, పైకి రావడానికి అమ్మే కుర్రాడు చెయ్యి ఇవ్వాల్సి వచ్చింది. నడుము ఒప్పుకోదు. ఆటో పక్కన ఎనిమిది సెంటీమీటర్ల లెక్కలు మీ వయసులో వెయ్యకండి.


లక్ష్మీపురం ఆడిటర్ (గుంటూరు)

రాయుడు గారూ, బండి గురించి నాకు తెలియదు, కాగితాల గురించి చెప్తాను. ఇప్పుడున్నది మీ పేరు మీదా, కోల్డ్ స్టోరేజీ పేరు మీదా? సంస్థ పేరు మీద ఉంటే ఏటా 15 శాతం తరుగుదల తీసుకునే ఉంటారు. అమ్మిన ధర ఆ బ్లాకులోంచి, అంటే ఒకే తరుగుదల రేటున్న ఆస్తులన్నిటికీ కలిపి పుస్తకాల్లో మిగిలిన విలువలోంచి తగ్గుతుంది, బ్లాకులో మిగిలినదానికంటే ఎక్కువ వస్తే ఆ మిగులు స్వల్పకాలిక లాభం కింద పన్నుకు వస్తుంది. చాలామంది ఇది అమ్మాక అడుగుతారు. కొత్తగా కొనేది సంస్థ పేరు మీద పెట్టినా కారు మీద జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్ (కట్టిన జీఎస్టీని మీ పన్నులో తగ్గించుకోవడం) రాదు, సెక్షన్ 17(5) దాన్ని ఆపేస్తుంది.

కర్ణాటక బండి మన రాష్ట్రంలో పన్నెండు నెలలు దాటి ఉంటే మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం ఇక్కడ మళ్ళీ రిజిస్టర్ చేయించాలి. అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ, ఇక్కడ మళ్ళీ లైఫ్ ట్యాక్స్. అక్కడ కట్టిన దాంట్లో మిగిలిన కాలానికి వెనక్కి ఇమ్మని దరఖాస్తు పెట్టాలి, దాని వెంట తిరిగే ఓపిక కూడా ఉండాలి. ‘పైన కొంత’ అన్నారు కదా, ఆ కొంతలో ఈ లైఫ్ ట్యాక్స్ కలిపారా? హురకాన్ ధర మీద అది చిన్న మొత్తం కాదు.

ఇంకోటి. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద కార్ల మీద 28 శాతం జీఎస్టీ, పైన సెస్సు (రెండూ కలిపి 40 దాటేవి) తీసేసి మొత్తం 40 శాతం చేశారు. కొత్త 911 ధర ఆ మేరకు దిగితే మీ పాతదాని బేరం కూడా దిగుతుంది. అవతలి వాళ్ళు హురకాన్‌కి పాత లెక్కలే చెప్తుంటే ఒప్పుకోకండి, తయారీ ఆగిపోయిన బండి కాబట్టి వాళ్ళు అదే పాట పాడతారు.


ఆటోనగర్ స్పానర్ (విజయవాడ)

సార్, నేను జర్మన్ బండ్లు చేస్తా. లాంబోర్గిని మీద చెయ్యి పెట్టినవి తక్కువ, కాబట్టి చూసినవరకే చెప్తా.

బెంగళూరు బండి అన్నారు. 2022 సెప్టెంబరులో యమలూరు వైపు విల్లాల్లో పెద్దపెద్ద బండ్లు నీళ్ళలో తేలిన ఫోటోలు గుర్తున్నాయిగా? మన దగ్గర 2024లో బుడమేరు పొంగినాక ఆటోనగర్‌కి వరసకట్టి వచ్చినయి బండ్లు. నీళ్ళలో ఉండంగానే స్టార్ట్ కొట్టినోళ్ళ ఇంజన్లు పోయినయి. కొట్టకుండా లాక్కొచ్చినోళ్ళవి చాలావరకు బాగయినయి. అట్టా బాగుచేసినవి తర్వాత ఏదో ఒక ఊళ్ళో అమ్మకానికి వస్తయి. మీరు పోయినప్పుడు సీటు బెల్టు చివరిదాకా బయటికి లాగండి. పైన నున్నగా ఉండి లోపల చివర మురికి గీత ఉంటే ఇంకేం చూడొద్దు, వచ్చెయ్యండి. కార్పెట్ ఎత్తి సీటు బోల్టుల తుప్పు చూడండి. అద్దాలు మూసి ఏసీ వెయ్యకుండా కాసేపు కూర్చుని వాసన చూడండి.

బ్రేకులు కార్బన్ సెరామిక్ అయితే మందం కొలిచి తేల్చేది కాదు. ప్రతి డిస్కు మీదా కనీస బరువు చెక్కి ఉంటది. అరిగేకొద్దీ అది బరువు తగ్గిద్ది. ఆ అంకె కిందకి వస్తే కొత్తవే, నాలుగూ మార్చాలంటే మామూలు కారు ధర అయిద్ది. టైరు పక్క గోడ మీద చివర నాలుగంకెలు చూడండి, 2321 అంటే 2021లో 23వ వారం. బండి ఐదువేలే తిరిగింది అని చెప్తారు, టైర్లు మాత్రం గట్టిపడిపోయి ఉంటయి.

మీరు సీజన్లో అయిదు నెలలు కవరు తియ్యనన్నారు. అది హురకాన్‌కి అస్సలు పడదు. బ్యాటరీకి మెయింటెయినర్ (నిలబెట్టిన బండి బ్యాటరీ దిగిపోకుండా చూసే ఛార్జరు) తగిలించి ఉంచాలి, టైర్లలో గాలి కొంచెం ఎక్కువ పెట్టాలి, లేకపోతే ఒకచోట చదును పడతయి. మనిషిని పెట్టి వారానికోసారన్నా ముందుకీ వెనక్కీ జరిపించండి. ఎండాకాలం ఇక్కడ నలభై అయిదు దాకా పోయిద్ది, రేకుల షెడ్డులో పెట్టొద్దు. మీ కోల్డ్ స్టోరేజీలో ఒక గది ఇస్తే బానే ఉంటది గానీ, తర్వాత బండంతా మిర్చి ఘాటు వస్తది.

911 అమ్మేటట్టయితే ముందు బంపర్ రెండు మూలల్లో రేడియేటర్లు శుభ్రం చేయించండి. గుంటూరు బండ్లకి అక్కడ దూది, దుమ్ము, ఆకులు నిండిపోయి ఉంటయి. కొనేవాడు టార్చి వేసి చూస్తే బేరం అక్కడే తగ్గించుకుంటాడు. అమ్మకపోయినా చేయించండి.


టిక్కీల రాయుడు (గుంటూరు)

ఇంతమంది ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలా. అందరికీ పేరుపేరునా దండాలు.

ఆడిటర్ గారూ, బండి సంస్థ పేరు మీదే ఉంది. లైఫ్ ట్యాక్స్ కలపలా. నిన్న రాత్రి కలిపి చూశా. ‘పైన కొంత’ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా, అది కొంత కాదు.

పటమట వారూ, మీరు చెప్పిన కూరగాయల సంగతి మా ఇంటావిడకి చదివి వినిపించా. ఆవిడ ఒకటే అడిగింది: ఆ పచ్చదాంట్లో యార్డుకి వెళ్తే కమీషన్ ఏజెంట్లు మన స్టోరేజీ అద్దె పెంచుదాం, తగ్గించుదాం అన్నప్పుడు మీతో ఎట్టా మాట్లాడతారో ఆలోచించారా అని. నిజంగానే ఆలోచించలా. రైతు ధర పడిపోయి తల పట్టుకున్న ఏడాది ఆ బండి గేటు ముందు ఆపాలంటే నాకూ ఇబ్బందే. తెల్లకారుకి ఆ బాధ లేదు.

డాక్టర్ గారి మాట మాత్రం గుచ్చుకుంది. నాకు నలభై నాలుగు. నడుము ఇంకా నాదే.

ఆదివారం బెంగళూరు వెళ్తున్నా. చూడటానికే, టోకెన్ ఇవ్వను. ఎట్టాగూ 911 సర్వీసు కూడా అక్కడే కాబట్టి దాన్నే తోలుకుపోతా. ఓనర్ ఒప్పుకుంటే ఊళ్ళో ట్రాఫిక్‌లో ఒక గంట నేనే నడుపుతా, ఖాళీ రోడ్డు మీద వద్దు అని ముందే చెప్పా. స్పానర్ తమ్ముడూ, ఆ డిస్కు బరువు సంగతి చక్రం విప్పకుండా తెలిసే దారి ఏమన్నా ఉందా?


ఆటోనగర్ స్పానర్ (విజయవాడ)

అంకె చదవటానికి చక్రం విప్పితే చాలు సార్. బరువు తూచాలంటే కాలిపర్ (డిస్కుని నొక్కిపట్టే బ్రేకు భాగం) తీసి డిస్కు కూడా బయటికి తియ్యాలి. కంపెనీ సర్వీసు సెంటర్లో కొనేముందు చెకప్ అని అడగండి, డబ్బు కడితే చేస్తారు. ఓనర్ వద్దంటే అదే మీకు జవాబు. పోయేటప్పుడు మీ బండి రేడియేటర్లు చూపించుకుని పోండి, నేను శనివారం షాపులోనే ఉంటా.