జీఎస్టీ నంబరు ఉండగా ఈ జీఎల్ఎన్ ఎందుకు?

కారప్పొడి యూనిట్, గుంటూరు:
మాది చిన్న కారప్పొడి మిల్లు. ఆఫీసు ఒకచోట, మిల్లు ఇంకోచోట, మిర్చి బస్తాలు కోల్డ్ స్టోరేజీలో. మూడింటికీ ఒకటే జీఎస్టీ నంబరు. జర్మనీ పార్టీ పంపిన వెండర్ ఫారంలో జీఎల్ఎన్ (గ్లోబల్ లొకేషన్ నంబర్, కంపెనీని గానీ ఒక చోటుని గానీ గుర్తించే నంబరు) అని ఒక గడి ఉంది, 13 అంకెలు కావాలట. జీఎస్టీ నంబరు వేస్తే తీసుకోవడం లేదు. శుక్రవారంలోగా పంపాలి, టెన్షన్‌గా ఉంది. మూడు చోట్లకీ మూడు తీసుకోవాలా?

గోడౌన్ సూపర్‌వైజర్, మేడ్చల్:
జీఎస్టీ నంబరులో మొదటి రెండంకెలు రాష్ట్రానివండీ, మీకు 37, మాకు 36. ఆ తర్వాత పది పాన్. పన్ను ఎవరు కడతారో తెలుస్తుంది గానీ లారీ ఏ గేటు ముందు ఆగాలో తెలియదు.

మాకు ఒకే పేరుతో పాత గోడౌన్, కొత్త గోడౌన్ ఉన్నాయి. ఒకసారి రాత్రి పదకొండింటికి డ్రైవరు పాతదాని ముందు బండి ఆపాడు. బిల్లులో పేరు, జీఎస్టీ నంబరు సరిపోయాయి కాబట్టి వాచ్‌మన్ సరుకు దింపించుకున్నాడు. పొద్దున్నే 420 అట్టపెట్టెలు మళ్లీ ఎక్కించాం, హమాలీ రెండుసార్లు. అప్పటినుంచి పట్టుబట్టి ఒక్కో గోడౌన్‌కి ఒక్కో జీఎల్ఎన్ పెట్టించాను. లేబుల్ బార్‌కోడ్‌లో 410 తర్వాత వచ్చే 13 అంకెలు సరుకు చేరాల్సిన చోటు. తేడా ఉంటే గేటు దగ్గర స్కాన్ చేయగానే దొరికిపోతుంది.

ఈడీఐ పని చేసేవాణ్ణి, హైదరాబాద్:
కంపెనీల మధ్య ఆర్డర్లు, బిల్లులు కంప్యూటర్ల ద్వారా పంపుకునే పని (ఈడీఐ) నాది. ఫారంలో అడిగింది కంపెనీ నంబరే అయితే ప్రస్తుతానికి ఒక్కటి చాలు. సరుకు కదిలే చోట్లకి తర్వాత విడిగా పెట్టుకోండి. మీ ప్యాకెట్ మీద 890తో మొదలయ్యే బార్‌కోడ్ ఉందా? ఉంటే మీకు ఇప్పటికే జీఎస్1 ఇండియా (బార్‌కోడ్ నంబర్లు ఇచ్చే సంస్థ) సభ్యత్వం ఉన్నట్టే, దానిమీదే జీఎల్ఎన్ ఎలా తీసుకోవాలో వాళ్లనడగండి. టైప్ చేసేటప్పుడు చివరి అంకె జాగ్రత్త, అది మిగతా 12 అంకెల లెక్క. ఉదాహరణకు 890123450001 తీసుకోండి. ఎడమనుంచి వరసగా 1తో, 3తో, మళ్లీ 1తో గుణించి కూడితే 71. ఆ తర్వాత సున్నాతో ముగిసే సంఖ్య 80, దానికి తక్కువైంది 9, కాబట్టి 13వ అంకె 9. ఒక్క అంకె తప్పు పడినా ఈ లెక్క కుదరదు.

కారప్పొడి యూనిట్, గుంటూరు:
ప్యాకెట్ మీద 890 ఉందండీ! ప్రాణం లేచొచ్చింది. కోల్డ్ స్టోరేజీ మాత్రం మాది కాదు, అద్దెకి తీసుకున్నాం. దానికి కూడా మేమే పెట్టాలా?

ఈడీఐ పని చేసేవాణ్ణి, హైదరాబాద్:
ముందు స్టోరేజీ యజమానిని అడగండి. ఆయనకి ఉంటే అదే వాడండి, ఒకే చోటికి రెండు నంబర్లు తిరిగితే మళ్లీ గొడవ.