సి ప్రోగ్రామ్‌లో ‘అమ్మ’ పొడవు 12 వస్తోంది, ఎందుకు?

డిప్లొమా ఫస్టియర్:
ల్యాబ్‌లో స్ట్రింగ్ (అక్షరాల వరస) పొడవు కనుక్కునే ప్రోగ్రామ్ ఇచ్చారు. ఇంగ్లీషు పేరు కొడితే సరిగ్గానే వస్తోంది. సరదాకి ‘అమ్మ’ అని తెలుగులో ఇస్తే స్ట్ర్‌లెన్ (పొడవు చెప్పే సి ఫంక్షన్) 12 అంది. నా లెక్కకు రెండే అక్షరాలు. ఫ్రెండ్ పైథాన్‌లో చూస్తే 4! సార్‌ని అడిగితే ‘ముందు రికార్డ్ రాయవయ్యా’ అన్నారు. ఎల్లుండే వైవా, ఎవరైనా చెప్పండి.

బ్యాక్‌బెంచ్:
సింపుల్ బ్రో. 12ని రెండుతో భాగించు. అక్షరానికి 6 బైట్లు.

డిప్లొమా ఫస్టియర్:
అలా అయితే ఒట్టి ‘అ’కి 3 ఎందుకొచ్చింది? ‘స్త్రీ’కి 18 అంటోంది!

పాత డీటీపీ:
తమ్ముడూ, ‘అమ్మ’కి మీ మూడు లెక్కలూ (2, 4, 12) కరెక్టే. లెక్కపెట్టిన వస్తువులే వేరు.

నేను డీటీపీ సెంటర్లో శుభలేఖలు కొట్టే రోజుల్లో, మా ఫైల్‌ని ఆ ఫాంట్ లేని సిస్టమ్‌లో తెరిస్తే పెళ్లికూతురి పేరు ఇంగ్లీషు గుర్తుల చెత్తగా కనిపించేది. లోపల ఉన్నవి ఇంగ్లీషు కోడ్‌లే, పైన తెలుగు బొమ్మలు తొడిగారంతే. యూనికోడ్‌లో ఆ బాధ లేదు. అది ప్రపంచ లిపుల అక్షరాలకు నంబర్లిచ్చే పట్టిక, అందులో తెలుగుకి విడిగా 128 గళ్లు ఇచ్చారు. ‘అ’కి ఒక నంబరు, ‘మ’కి ఒకటి, పొల్లుకీ ఒకటి.

బళ్లో ‘మకి మావత్తిస్తే మ్మ’ అని చదువుకున్నాం కదా, ఆ మావత్తుకి మాత్రం నంబరు లేదు. మ, పొల్లు, మళ్లీ మ వరసగా వస్తే ఫాంటే వత్తు గీస్తుంది. అంటే ‘అమ్మ’లో ఉన్నవి అ, మ, పొల్లు, మ. పైథాన్ చెప్పిన 4 ఇదే.

ఇక సి సంగతి. ఆ నంబర్లను బైట్లుగా దాచే పద్ధతి యూటీఎఫ్-8, అందులో మామూలు ఇంగ్లీషు అక్షరానికి 1 బైటు, తెలుగు నంబరు ఒక్కోదానికి 3. నాలుగు మూళ్లు 12. స్ట్ర్‌లెన్‌కి అక్షరాలు తెలియవు, స్ట్రింగ్ చివర ఉండే సున్నా బైటు తగిలేదాకా బైట్లు లెక్కపెట్టుకుంటూ పోతుంది. ‘స్త్రీ’ని నువ్వే విడగొట్టు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం.

ఆ సున్నాకీ చోటు కావాలి కాబట్టి ‘అమ్మ’కి 13 బైట్ల అర్రే ఉండాలి. రెండక్షరాలే కదా అని 5 పెట్టి స్ట్రింగ్ కాపీ చేశావో, పక్క వేరియబుల్ నెత్తిన పడుతుంది. వైవాలో అడిగితే ఇది అడుగుతారు, చూసుకో.

డిప్లొమా ఫస్టియర్:
థాంక్స్ అన్నా! పైథాన్‌లో ‘రాము’ని తిరగేస్తే ‘మురా’ వస్తుందనుకున్నా. ముందు చుక్కల గుండ్రానికి తగిలించిన కొమ్ము, పక్కన ‘మార’ వచ్చాయి.

పాత డీటీపీ:
తిరగేశాక కొమ్ము ముందుకొచ్చేసింది. దానికి ముందు హల్లు లేదుగా, అందుకే ఆ గుండ్రం. ఇప్పుడు ‘అమ్మ’ని తిరగెయ్యి. ‘మ్మఅ’ వస్తుంది, వత్తు చెక్కుచెదరదు. ఎందుకో నువ్వే చెప్పు.