‘ఫిషింగ్’ అని రాస్తే చేపలవేట అనుకున్నారు. మరేమని రాయాలి?

డెస్కు మనిషి:
నేనో పత్రికలో సబ్‌ఎడిటర్ని. పోయిన వారం, దొంగ లింకులు పంపి పాస్‌వర్డులు కాజేసే ఓ సైబర్ మోసం వార్తకి ‘ఫిషింగ్ ముఠా అరెస్టు’ అని హెడ్డింగ్ పెట్టా. విశాఖలో ఉండే మా నాన్న పొద్దున్నే ఫోన్ చేసి, ‘ఏరా, హార్బర్లో మళ్ళీ ఏమైంది?’ అన్నారు. ఆయన తప్పేం లేదు, ఫిషింగ్ హార్బర్ దగ్గర్లో పుట్టి పెరిగిన మనిషి. ఇంగ్లీషులోనైతే మొదట్లో ‘పీహెచ్’ చూసి ఇది వేరే మాట అని పోల్చుకోవచ్చు. మన లిపిలో రెండూ ఒకటే. ఇప్పుడు డెస్కులో రెండు జట్లు. ఉన్నది ఉన్నట్టు రాసేద్దామనేవాళ్ళు కొందరు, తెలుగు మాట పుట్టించాల్సిందే అనేవాళ్ళు కొందరు. నేను పేపర్లో ‘చరవాణి’ అని రాసి, ఇంటికొచ్చి ‘నా ఫోనెక్కడ?’ అని అడిగే రకం. కాబట్టి నన్ను నమ్మొద్దు, మీరే చెప్పండి.

తంగేడు:
అన్నా, నేను కరీంనగర్ దిక్కు ఆన్‌లైన్ సెంటర్ నడుపుత. మా కాడికి వచ్చేటోళ్ళు ‘దింపుకోలు’ అనరు, ‘డౌన్‌లోడ్ కొట్టు తమ్మీ’ అంటరు. కొత్త మాటలు పుట్టిచ్చుడు మనకెందుకు? గని ఒక్కటి చెప్త. ఓటీపీ అనే మాట తెల్వనోళ్ళు మా ఊళ్ళె లేరు. డెబ్బై ఏండ్ల అవ్వ గూడ ‘ఓటీపీ అచ్చింది, రాస్కో బిడ్డా’ అని నేను అడగకముందే చెప్తది. ఎవడు ఫోన్ జేసి అడిగినా గట్లనే చెప్తది. మాట నోటికచ్చింది, దాని పని తెల్వది. ‘అవ్వా, గిది నీ ఏలిముద్ర లెక్క. ఎవలకు చెప్పినా కాయిదం మీద ముద్రేసినట్టే’ అన్న. గప్పటిసంది నోటితోని చెప్పదు, ఫోనే నా చేతిల వెట్టి మొఖం తిప్పుకుంటది. అది వేరే లొల్లి.

పాత బ్లాగరి:
తంగేడు గారూ, ఆ ‘ఏలిముద్ర’ ఏంటనుకున్నారు? మీరు చేసిందీ తెలుగు చెయ్యడమే. మా తరం బ్లాగులు రాసే రోజుల్లో ‘పోస్టు’ని ‘టపా’ అన్నాం, ‘కామెంటు’ని ‘వ్యాఖ్య’ అన్నాం, ఆకాశం ఊడిపడలేదు. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో యూజర్ని ‘వాడుకరి’ అంటారు. నేర్పరి, పొదుపరి అనే అచ్చులో పోసిన మాట, మొదటిసారి విన్నవాడికీ తెలిసిపోతుంది. టెంప్లేటుకి ‘మూస’, లింకుకి ‘లంకె’, అందరూ చేరి మాట్లాడుకునే పేజీకి ‘రచ్చబండ’. కంప్యూటర్‌కి పెట్టిన ‘సంగణకం’ నిలబడలేదంటే తెలుగులో పేరు పెట్టడం తప్పని కాదు. అది మన నోట పుట్టిన మాట కాదు, అంతే.

కోడు కూలీ:
‘టపా’ మాత్రం నిలబడిందా సార్? మా అమ్మ ఫోన్ ముచ్చటపడి తెలుగులో పెట్టా. ఏదైనా తేడా వస్తే బెంగళూరు నుంచి నేను ‘పర్మిషన్స్ నొక్కమ్మా’ అంటాను. ఆవిడకి కనబడేది ‘అనుమతులు’. పది నిమిషాలు వెతుకులాట, మధ్యలో ఇద్దరికీ కోపం. చివరికి ఇంగ్లీషుకే మార్చేశాం. అసలు ఇంగ్లీషువాళ్ళకి మాత్రం ఇవి అర్థమై చచ్చాయా? ‘కుకీ’నే తీసుకోండి. 1994లో నెట్‌స్కేప్‌లో పనిచేసే లూ మాంటుల్లి, ప్రోగ్రామర్లు అప్పటికే వాడుతున్న ‘మ్యాజిక్ కుకీ’ అనే మాటని తెచ్చి తగిలించాడు. మళ్ళీ వచ్చినప్పుడు మనల్ని గుర్తుపట్టడానికి సైటు మన బ్రౌజర్లో దాచుకునే చిన్న చీటీ అది. దానికీ బిస్కెట్టుకీ ఏం సంబంధమో వాళ్ళకీ తెలీదు. వాళ్ళూ తెలియకుండానే నొక్కుతున్నారు, మనమూ నొక్కుదాం. సమానత్వం.

తంగేడు:
‘చీటీ’ అన్నవ్ సూడు, గదే తెలుగు. నువ్వే జేసినవ్.

వకీలమ్మ:
మీరంతా పేర్ల దగ్గరే ఆగిపోయారు. నా గొడవ క్రియలతో. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, మన వివరాలు తీసుకునేవాళ్ళు ఇచ్చే నోటీసుని ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలోనైనా గానీ చదువుకునే వీలుండాలి. అనుమతి అడిగేటప్పుడు స్పష్టమైన, తేలికైన మాటలు వాడాలని కూడా అందులో ఉంది. సరే, తెలుగులోనే ఇస్తారు. ఎలా ఇస్తారు? ‘మీ సమాచారము తృతీయ పక్షములతో పంచుకోబడవచ్చును.’ అన్నీ తెలుగు మాటలే (సరే, సగం సంస్కృతం). పంచేదెవరు? ఎవరికి? ఎందుకు? ఆ ‘బడు’ వెనకాల అందరూ దాక్కున్నారు. అదే ‘మీ ఫోన్ నంబరు అప్పులిచ్చే కంపెనీలకి మేం ఇస్తాం’ అని రాస్తే? ఫోను, నంబరు, కంపెనీ, మూడూ ఇంగ్లీషే. రెండూ మా అమ్మమ్మకి చదివి వినిపించా. మొదటిదానికి ‘సరే కానీ’ అంది. రెండోదానికి ‘అమ్మో, వద్దు’ అంది.

పాత బ్లాగరి:
ఇది ఒప్పుకుంటా. కానీ హెడ్డింగులో అంత వాక్యం పట్టదమ్మా, అక్కడ పేరే కావాలి. ‘సైబర్ వల’ అనొచ్చుగా? ‘వలలో పడ్డాడు’ అని ఎటూ అంటూనే ఉన్నాం.

కోడు కూలీ:
వల అంటే నెట్టు. నెట్టు అంటే ఇంటర్నెట్టు. మళ్ళీ మొదటికొచ్చాం.

డెస్కు మనిషి:
‘వల’ సంగతి నాన్నకి చెప్పా. ఒప్పుకోలేదు. ‘ఏదో ఆశ చూపించి నొక్కమంటాడు కదా? అది గాలంరా. వలకి ఎర ఎందుకు?’ అన్నారు. వేలమందికి ఒకేసారి పంపుతారు నాన్నా అంటే కాసేపు ఆలోచించి, ‘ఒక్క పొడుగు తాడుకే వందల గాలాలు కట్టి సముద్రంలో వదులుతార్రా, అలాగన్నమాట’ అన్నారు. నిన్నటి వార్తకి ‘గాలం మెసేజ్’ అని పెట్టి పంపా. ఇన్‌ఛార్జి కొట్టేసి ‘ఫిషింగ్ మెసేజ్’ చేశాడు. లోపల మాత్రం ‘బ్యాంకు పేరుతో దొంగ లింకు పంపి, పాస్‌వర్డు కొట్టించుకుని’ అన్న ముక్కనీ, మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చెయ్యాలన్న లైనునీ ముట్టుకోలేదు. వకీలమ్మ గారికి సగం మార్కులు.

తంగేడు:
మా చెరువుల కాడ గూడ గాలమే అంటరన్నా. రేపు మల్ల పెట్టు.