లెక్క సరిపోయింది, ద్రావణం మాత్రం పలచబడింది: బయాలజీ వాళ్లకు ఎంత కెమిస్ట్రీ కావాలి?

బీఎస్సీ మొదటి సంవత్సరం విద్యార్థిని, తిరుపతి

అందరికీ నమస్కారం. ఇంటర్ బైపీసీలో బోటనీ, జువాలజీ ఇష్టంగా చదివాను. కెమిస్ట్రీ మాత్రం పరీక్ష గట్టెక్కితే చాలని బట్టీ పట్టాను. ఇప్పుడు బయోకెమిస్ట్రీలో అదే అడ్డుపడుతోంది. మొన్న ప్రాక్టికల్స్‌లో 0.1 మోలార్ (అంటే లీటరుకు 0.1 మోల్) కాపర్ సల్ఫేట్ ద్రావణం 250 మిల్లీలీటర్లు చేయమన్నారు. పుస్తకంలో అణుభారం 159.6 అని చూసి 3.99 గ్రాములు తూచాను. లెక్క రెండుసార్లు సరిచూసుకున్నాను. అయినా రంగు గాఢతను కొలిచే కలరీమీటర్‌లో నా రీడింగ్ పక్క బ్యాచ్ రీడింగ్‌లో మూడింట రెండు వంతులు కూడా రాలేదు. నీళ్లు ఎక్కువ పోసి ఉంటావన్నారు. పోయలేదు.

ఇంకో సందేహం. రక్తం పీహెచ్ (ఆమ్లత కొలత) 7.4 నుంచి 7.1కి దిగితే ప్రమాదం అంటారు. 0.3 తేడాకే అంత టెన్షన్ ఎందుకు? వారంలో ఇంటర్నల్స్. మొదటి నుంచీ చదివే టైం లేదు, ఏవి పట్టుకోవాలి?

ల్యాబ్ టెక్నీషియన్, తిరుపతి

సీసాలో ఉన్నది నీలం స్ఫటికాలా, తెల్ల పొడా? లేబుల్ మీద అణుభారం ఎంతుందో చూసి చెప్పమ్మా.

విద్యార్థిని

నీలం పలుకులే అక్కా. ఇప్పుడే చూశాను, పెంటాహైడ్రేట్, 249.7 అని ఉంది.

రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్, చిత్తూరు

అక్కడే దొరికిందమ్మా. ఆ నీలం పలుకులో ఒక్కో కాపర్ సల్ఫేట్‌కు అయిదు నీటి అణువులు అంటుకుని ఉంటాయి. గింజ తీయని చింతపండు తెచ్చి, గింజ తీసిన దాని కొలతతో పులుసు పెడితే పులుపు చాలదు కదా, నీకు జరిగింది అదే. తూచాల్సింది 6.24 గ్రాములు. నువ్వు 3.99 వేశావు కాబట్టి 0.1కి బదులు 0.064 మోలార్ వచ్చింది. నీ రీడింగ్ కూడా సరిగ్గా అదే చెబుతోంది. నీ చెయ్యి తప్పలేదు, నీ లెక్కా తప్పలేదు. సీసా లేబుల్ చదవకుండా పుస్తకంలో అంకె తీసుకున్నావు, అంతే.

మోల్ అంటే భయపడేవాళ్లు చాలామంది అది బరువు అనుకుంటారు. అది లెక్కింపు. గుడ్లను డజన్లలో లెక్కపెట్టినట్టు, అణువులను 6.022 ఇంటూ 10 టు ద పవర్ 23 చొప్పున లెక్కపెడతాం. జీవకణానికి గ్రాములతో పని లేదు, నీళ్లలో ఎన్ని అణువులు, అయాన్లు ఉన్నాయో కావాలి. ఆసుపత్రిలో ఎక్కించే రెండు సీసాలు చూడు. సెలైన్ 0.9 శాతం, అంటే లీటరుకు 9 గ్రాముల ఉప్పు. గ్లూకోజ్ 5 శాతం, అంటే 50 గ్రాములు. ఇంత తేడా ఉన్నా రెండిట్లో వేసినా ఎర్ర రక్తకణం వెంటనే పగలదు, ముడుచుకోదు. ఎందుకు? 9 గ్రాముల ఉప్పు 154 మిల్లీమోళ్లు. అది నీళ్లలో సోడియం, క్లోరైడ్‌గా విడిపోతుంది కనుక అయాన్లు మొత్తం 308 మిల్లీమోళ్లు. గ్లూకోజ్ అణుభారం 180, అది విడిపోదు, కనుక సుమారు 278. రెండూ దగ్గర దగ్గరే! ఆస్మాసిస్‌కు, అంటే కణం పొర గుండా నీరు అటూ ఇటూ పోవడానికి, కావాల్సింది ఈ సంఖ్యే. ఈ ఒక్క లెక్క నీ చేత్తో కాగితం మీద వేసి చూడు, మోల్ భయం పోతుంది.

ఇక పీహెచ్. అది మామూలు కొలబద్ద కాదు, లాగరిథమ్. ఒక అంకె దిగితే హైడ్రోజన్ అయాన్లు పది రెట్లు పెరుగుతాయి. 0.3 దిగితే రెట్టింపు. 7.4 దగ్గర లీటరుకు 40 నానోమోళ్లు ఉంటే 7.1 దగ్గర 80. అవి ప్రోటీన్ల మీది ఆవేశాలను మారుస్తాయి, ఆవేశం మారితే ఎంజైమ్ ఆకారం, పని రెండూ చెడతాయి. ఈ స్కేలును 1909లో డెన్మార్క్ రసాయన శాస్త్రవేత్త సోరెన్సెన్ తయారుచేసింది కూడా ఎంజైమ్‌ల మీద పనిచేస్తూనే. పీహెచ్ మీ బయాలజీ కోసం పుట్టిందే తల్లీ.

పీహెచ్ పెద్దగా మారకుండా కాచే బఫర్ ఏమిటో తెలియాలంటే అలిపిరి నుంచి మెట్లెక్కినప్పుడు నీ ఒంట్లో జరిగేది గుర్తు తెచ్చుకో. 3,550 మెట్లు. కండరాల నుంచి కార్బన్ డయాక్సైడ్ రక్తంలోకి వస్తుంది, నీటితో కలిసి కార్బోనిక్ ఆమ్లమై హైడ్రోజన్ అయాన్లను వదులుతుంది. శ్రమ ఎక్కువైతే లాక్టిక్ ఆమ్లం వైపు నుంచి కూడా ఆ అయాన్లు వస్తాయి. బైకార్బొనేట్ వాటిని పట్టుకుని మళ్లీ కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తుంది, నువ్వు రొప్పుతూ దాన్ని బయటికి వదిలేస్తావు. ఆ ఆయాసం లేకపోతే పీహెచ్ ఇంకా దిగేది. సమతాస్థితి, మార్పు వస్తే దాన్ని తగ్గించే వైపు చర్య జరుగుతుందనే లీ షాట్లియర్ సూత్రం అని బట్టీ పట్టింది ఇదే.

ఈ వారానికి లోహసంగ్రహణం, డీ బ్లాక్ మూలకాలు పక్కన పెట్టు. రుణవిద్యుదాత్మకత (ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కునే గుణం), హైడ్రోజన్ బంధం, ఆ తర్వాత ఆల్కహాల్, ఆల్డిహైడ్, కార్బాక్సిల్, అమైన్ సమూహాలు. ఈ వరస మార్చకు. ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కుంటుందని అర్థమైతేనే డీఎన్ఏలో ఏ, టీ మధ్య రెండు, జీ, సీ మధ్య మూడు హైడ్రోజన్ బంధాలు ఎందుకో తలకెక్కుతుంది.

ఎమ్మెస్సీ బోటనీ, చిత్తూరు

ఇంట్లో చేసుకునేది ఒకటి చెబుతాను చెల్లీ. దిష్టి తీసే ఎర్రనీళ్లు తెలుసు కదా, పసుపులో సున్నం కలిపితే ఎర్రబడతాయి. సున్నం క్షారం. అందులో నిమ్మరసం పిండుతూ పో, మళ్లీ పసుపుపచ్చ అవుతుంది. ఆమ్లమో క్షారమో రంగుతో చెప్పే సూచిక అంటే ఏమిటో నాకు తెలిసింది మా అవ్వ కలిపిన ఆ పళ్లెంలోనే.

విద్యార్థిని

సార్, సెలైన్ లెక్క వేశాను, 308 వచ్చింది! చాలా సంతోషంగా ఉంది. రేపు ద్రావణం మళ్లీ చేయనిస్తారట. 6.24 గ్రాములు వేసి 250 మిల్లీలీటర్ల నీళ్లు కొలిచి పోస్తే సరేనా?

ల్యాబ్ టెక్నీషియన్, తిరుపతి

వద్దు వద్దు. 250 కావాల్సింది నీళ్లు కాదు, మొత్తం ద్రావణం. ముందు బీకరులో 150 దాకా డిస్టిల్డ్ వాటర్‌తో పూర్తిగా కరిగించు. దాన్ని మెడ మీద 250 గీత ఉన్న స్టాండర్డ్ ఫ్లాస్క్‌లో పోసి, బీకరు కడిగిన నీళ్లు కూడా అందులోనే కలుపు. చివర్లో డ్రాపర్‌తో గీత దాకా నింపు. కన్ను గీతకు సమానంగా ఉండాలి, నీటి వంపు అడుగు గీతను తాకాలి. మూత బిగించి పదిసార్లు తలకిందులు చెయ్యి. పలుకు ఒక్కటి కూడా అడుగున మిగలకూడదు.

విద్యార్థిని

అలాగే అక్కా. ముందు లేబుల్ చదువుతాను.