పాఠం చెప్తూ చేత్తో త్రీడీ గ్రాఫ్ తిప్పాలి, ఊరికే చెయ్యి ఊపినా తిరిగిపోతోంది

మిర్యాలగూడ లెక్కల సార్:
డిగ్రీ పిల్లలకు జెడ్ = ఎక్స్² − వై² చెప్తున్నాను. ఒక పక్క నుంచి చూస్తే లోయ, ఇంకో పక్క నుంచి చూస్తే గుట్ట అని బోర్డు మీద ఎంత గీసినా ఎక్కడం లేదు. అందుకని బ్రౌజర్‌లో త్రీడీ బొమ్మలు గీసే త్రీ.జేఎస్‌లో ఆ గుర్రపు జీను ఆకారం గీసి, కెమెరాలో చెయ్యి ఎక్కడుందో కనిపెట్టే మీడియాపైప్‌ను లాప్‌టాప్ కెమెరాకు తగిలించాను. అరచెయ్యి ఎటు పోతే గ్రాఫ్ అటు తిరుగుతుంది. చిక్కల్లా, చేతులు ఊపకుండా పాఠం చెప్పడం నాకు రాదు. "ఇక్కడ చూడండి" అని చెయ్యి చాపగానే జీను తలకిందులు! కదలకుండా నిలబడ్డా సన్నగా వణుకుతూనే ఉంటుంది. పైగా సాయంత్రానికి భుజం లాగేస్తోంది.

పాలమూరు కోడర్:
సార్, పట్టూ విడుపూ రెండూ ఉండాలి. బొటనవేలు, చూపుడువేలు కొనలు కలిస్తేనే గ్రాఫ్ చేతికి చిక్కాలి, విడదీస్తే ఎక్కడిదక్కడ ఆగాలి. మీడియాపైప్ చేతి మీద గుర్తుపట్టి ఇచ్చే 21 పాయింట్లలో 4, 8 నంబర్లు ఆ కొనలే. వాటి మధ్య దూరాన్ని నేరుగా వాడొద్దు. మీరు రెండడుగులు వెనక్కి వేస్తే చెయ్యి చిన్నగా కనబడి, వేళ్లు కలవకుండానే కలిసినట్టు లెక్కొస్తుంది. మణికట్టు 0 నుంచి నడివేలి మొదలు 9 దాకా ఉన్న దూరంతో భాగించండి. నేనైతే 0.25 కంటే తగ్గితే పట్టు, 0.4 దాటితే విడుపు అని పెట్టుకున్నా. రెంటికీ ఒకటే హద్దు పెడితే ఆ అంచు మీద టకటకా పట్టుకుంటూ వదిలేస్తుంటుంది.
వణుకుకు వన్ యూరో ఫిల్టర్ అని, వణికే రీడింగులను నునుపు చేసే లెక్క ఉంది, 2012లో వచ్చింది. అందులో రెండు అంకెలు: కటాఫ్ తగ్గేకొద్దీ నునుపు పెరుగుతుంది, బీటా పెరిగేకొద్దీ వేగంగా కదిలేటప్పుడు ఆ నునుపు సడలుతుంది. ముందు బీటా సున్నా చేసి, చెయ్యి కదపకుండా వణుకు పోయేదాకా కటాఫ్ తగ్గించండి. తర్వాత చెయ్యి వేగంగా కదుపుతూ, గ్రాఫ్ వెనకబడకుండా ఉండేదాకా బీటా పెంచండి.

ఎంసీఏ నల్లగొండ:
అన్న చెప్పింది కరెక్టే. దాంతోపాటు నిలువు అక్షాన్ని కట్టేయండి సార్, కుమ్మరి సారెలా చుట్టూ తిరిగితే చాలు. త్రీ.జేఎస్‌లో మామూలుగా పైకి ఉండేది వై, మన పుస్తకాల్లో జెడ్, అది చూసుకోండి. జూమ్‌కు చెయ్యి ముందుకు తోయడం పెట్టొద్దు, ఒక్క కెమెరాతో లోతు నమ్మకంగా రాదు. రెండు చేతులతో పట్టుకుని ఎడం పెంచితే మేలు. భుజం సంగతికొస్తే, స్క్రీన్ కాస్త కిందికి వంచండి. నడుము ఎత్తులో చెయ్యి కనబడితే సరిపోతుంది.

హాలియా తమ్ముడు:
ఇంత తిప్పలెందుకు సార్, వైర్‌లెస్ మౌస్ ఉంది కదా?

మిర్యాలగూడ లెక్కల సార్:
మౌస్ ఇస్తే ముందు బెంచీవాళ్లే తిప్పుతారు తమ్మీ. వెనక కూర్చున్నవాణ్ణి లేపి బోర్డు దగ్గర నిలబెట్టి, వాడి చేత్తోనే తిప్పించాలని నా ఆశ.
పట్టూ విడుపూ పెట్టాను, పట్టు పడితే అంచు నారింజ రంగులోకి మారేలా చేశాను. బాగుంది. కానీ చాక్‌పీస్ పట్టుకున్నా పట్టే అనుకుంటోంది!

పాలమూరు కోడర్:
అయితే పట్టు ఎడమ చేతికే ఇవ్వండి సార్. ఏ చెయ్యో మీడియాపైపే చెప్తుంది. కుడి ఎడమలు తారుమారైతే, కెమెరా బొమ్మను అద్దంలోలా తిప్పి ఇస్తున్నారో లేదో చూడండి.