భీమిలిలో ఉంటూ హైదరాబాదు ఉద్యోగం చేయడం సాధ్యమేనా?

రాత్రిపాళీ (ప్రశ్న):

నేను హైదరాబాదులోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. మా బృందమంతా ఇంటి నుంచే పనిచేస్తోంది. మూడు నెలలకొకసారి రెండు రోజులు ఆఫీసులో కనిపిస్తే సరిపోతుంది. కొండాపూర్‌లో మేము అద్దెకున్న ఇంట్లో కిటికీ తెరిస్తే ఎదుటి అపార్ట్‌మెంటు గోడ తప్ప మరేమీ కనిపించదు. అందువల్ల వచ్చే నవంబరు నుంచి ఒక ఏడాదిపాటు విశాఖ దగ్గరి భీమునిపట్నంలో (భీమిలిలో) ఉండాలని నేనూ, నా భార్యా అనుకుంటున్నాము. ఆమెది కూడా ఇంటి నుంచి చేసే ఉద్యోగమే. మా క్లయింటు అమెరికా తూర్పు తీరంలో ఉన్నందువల్ల నా పని సాయంత్రం ఆరున్నరకు మొదలై రాత్రి రెండున్నరకు ముగుస్తుంది. గోవా, గోకర్ణ, వర్కలలో ఉండి పనిచేసినవారి అనుభవాలు చాలానే చదివాను గానీ, మన తీరం గురించి రాసినవారు నాకు కనిపించలేదు. ఇంటర్నెట్టు, కరెంటు, ఇల్లు, ఈ మూడింటి విషయంలో తెలిసినవారు చెప్పగలరని మనవి. తీసుకుంటే సముద్రానికి ఎదురుగా ఉండే ఇల్లే తీసుకోవాలన్నది నా భార్య పట్టుదల.

గోస్తనీతీరం:

నేను రెండేళ్లుగా భీమిలిలో ఉంటూ ఇదే తరహా ఉద్యోగం చేస్తున్నాను. సాధ్యమే. అయితే మీరు ఎంచుకున్న నెల గురించీ, ఇంటి గురించీ మరోసారి ఆలోచించండి.

ముందు ఇంటి సంగతి. సముద్రానికి ఎదురుగా ఉన్న ఇంట్లో నేను మొదటి ఏడు నెలలు ఉన్నాను. గాలితోపాటు వచ్చే ఉప్పుతేమ కిటికీ ఊచలను, తలుపు గడియలను తినేయడం అందరికీ తెలిసిందే. ల్యాప్‌టాప్ లోపలి ఫ్యాను ఆ గాలినే రోజంతా పీల్చుకుంటుందన్న సంగతి మాత్రం, ఛార్జింగు పెట్టే చోట పచ్చటి చిలుము కనిపించేదాకా నాకు తట్టలేదు. ఏసీ బయటి యూనిట్టు కూడా రెండో వేసవికి మిగలలేదు. అక్కడి నుంచి నాలుగు వీధులు లోపలికి మారిన తరువాత ఈ బాధ చాలావరకు తగ్గింది. సముద్రం నడిచి వెళ్లే దూరంలో ఉంటే చాలు, టేబులు ముందే ఉండనక్కరలేదు.

ఇక కరెంటు. మామూలు రోజుల్లో కోతలు పెద్దగా ఇబ్బంది పెట్టవు. ఇన్వర్టరుకు పెట్టుకునే 12 వోల్టుల, 150 ఆంపియర్-అవర్ల బ్యాటరీకి కాగితం మీద 1,800 వాట్-అవర్ల శక్తి ఉంటుంది గానీ, నష్టాలు పోను 1,200 చేతికొస్తే గొప్ప. రెండు ల్యాప్‌టాప్‌లు, ఒక ఫ్యాను, రౌటరు కలిపి 170 వాట్లు వాడతాయనుకుంటే ఆరేడు గంటలు గడుస్తాయి. ఏసీని మాత్రం దాని మీద తలచుకోకండి. ఇక్కడ చాలామంది మరిచిపోయే విషయం ఒకటుంది: మన ఇంట్లో రౌటరు వెలుగుతున్నంత మాత్రాన ఇంటర్నెట్టు రాదు. వీధి చివర స్తంభానికి ఉండే కేబులు పెట్టెకు కూడా బ్యాటరీ ఉండాలి. ఇల్లు చూడడానికి వెళ్లినప్పుడు ఇంటి యజమానిని కాకుండా, ఆ వీధిలో కేబులు వేసే కుర్రవాడిని ఈ విషయం అడగండి. రెండో ఏర్పాటుగా పెట్టుకునే మొబైల్ సిమ్ము, మీ ఫైబరు ఏ కంపెనీదో దానిది కాకుండా ఉండాలి, ఎందుకంటే ఒక తీగ తెగితే రెండూ ఒకేసారి పోయే అవకాశం ఉంది. కార్తీకమాసంలో వనభోజనాలకు వచ్చే జనంతో బీచి రోడ్డు నిండిపోయిన సాయంత్రాలలో మొబైల్ డేటా నత్తనడక నడుస్తుంది. డౌన్‌లోడు వేగాన్ని చూసి మురిసిపోకుండా అప్‌లోడు వేగాన్ని చూడండి; వీడియో కాల్‌లో మన ముఖం బిగుసుకుపోయేది దాని వల్లనే.

నెల విషయానికి వస్తే, అక్టోబరు, నవంబరు మన తీరానికి తుపానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు విమానాశ్రయం పైకప్పే ఎగిరిపోయింది; కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు. 2018 అక్టోబరులో తిత్లీ శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటింది. ఏటా ఇలాగే జరుగుతుందని చెప్పడం లేదు. అయితే వాయుగుండం పడిందన్న వార్త వినగానే హైదరాబాదుకు బయలుదేరగలిగే వీలు మీకు ఉండాలి. నన్నడిగితే జనవరిలో రండి.

జీతాలపట్టీ:

నేను ఒక సంస్థలో జీతాల విభాగం చూస్తాను. పైన చెప్పినవన్నీ నిజమే కావచ్చు గానీ, వాటికంటే ముందు తేల్చుకోవలసిన విషయం వేరే ఉంది. ఇంటి నుంచి పనిచేయవచ్చునని సంస్థ అన్నంత మాత్రాన, ఏ ఊరి ఇంటి నుంచైనా చేయవచ్చునని అర్థం కాదు. క్లయింటుతో చేసుకున్న ఒప్పందంలో పని జరిగే చోటు రాసి ఉండవచ్చు. బ్యాంకులు, ఆసుపత్రుల సమాచారంతో పనిచేసే బృందాలకు ఈ షరతు మరీ కఠినంగా ఉంటుంది. మీ మేనేజరు నోటిమాటగా సరేనన్నా, చిరునామాతో సహా ఈమెయిలులో అనుమతి తీసుకోండి. ఆ మేనేజరు బదిలీ అయిన రోజున మీ చేతిలో ఉండేది ఆ ఈమెయిలు ఒక్కటే.

అద్దె విషయంలో రెండు మాటలు. మీరు కొత్త పన్ను విధానంలో ఉంటే ఇంటి అద్దె భత్యానికి మినహాయింపు రాదు కనుక రసీదుల గొడవ లేదు. పాత విధానంలో ఉండి, అద్దె ఏడాదికి లక్ష రూపాయలు దాటితే ఇంటి యజమాని పాన్ నంబరు ఇవ్వవలసి ఉంటుంది. చిన్న ఊళ్లలో కొందరు యజమానులు దానికి ఒప్పుకోరు. అడ్వాన్సు ఇవ్వకముందే అడగడం మంచిది.

పాతభీమిలి:

మాది భీమిలే, మా అమ్మానాన్నలు ఇప్పటికీ అక్కడే ఉన్నారు. గోస్తనీతీరం గారు చెప్పిన వాటిలో ఒక్కదానితో నేను ఏకీభవించను: తుపాను భయంతో నవంబరును వదులుకోనక్కరలేదు. ఎడతెగని చెమట పట్టే ఏప్రిల్, మే నెలల్లో ఏసీ లేకుండా ఇక్కడ పనిచేయడం అంతకంటే కష్టం. ఏడాదికి ఒప్పందం రాసుకోకుండా రెండు నెలలు ఉండి చూడండి.

ఇల్లు వెతకడానికి యాప్‌లను నమ్ముకుంటే వారాంతపు పర్యాటకులకు ఇచ్చే గదులే కనిపిస్తాయి. ఊళ్లోకి వెళ్లి, కిరాణా కొట్లో అడిగితే ఖాళీ ఇళ్ల సంగతి తెలుస్తుంది. మీరు రాత్రి రెండున్నర దాకా ఇంగ్లీషులో మాట్లాడుతూ ఉంటారన్న మాట కూడా యజమానికి ముందే చెప్పండి. మా వీధిలో ఎనిమిదిన్నరకే దీపాలు ఆర్పేస్తారు. కింద వాటాలో ముసలివాళ్లు ఉంటే మూడో రోజుకే పేచీ మొదలవుతుంది.

రాకపోకల సంగతి చెప్పాలంటే, విశాఖ రైల్వేస్టేషను నుంచి బీచి రోడ్డు మీదుగా 900కె బస్సు వస్తుంది. గంటకు పైనే పడుతుంది. మూడు నెలలకొకసారి హైదరాబాదు వెళ్లడానికి, పగటిపూట నడిచే వందే భారత్ తొమ్మిది గంటల లోపే సికింద్రాబాదు చేరుస్తుంది. పెద్ద ఆసుపత్రి కావాలంటే మాత్రం విశాఖకే పరుగెత్తాలి. చేపల కోసమే వస్తున్నట్లయితే, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో మరబోట్ల వేట నిషేధమని గుర్తుంచుకోండి.

మరొక మాట. నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు కనుక, మీ పాళీ ఏడున్నర నుంచి మూడున్నర దాకా అవుతుంది. మన తీరంలో సముద్రం మీద సూర్యోదయం చూడాలని వస్తున్నట్లయితే, అది ఆరు గంటల ప్రాంతంలో, మీరు గాఢనిద్రలో ఉండగా జరిగిపోతుంది.

రాత్రిపాళీ:

అందరికీ కృతజ్ఞతలు. గడియారాల సంగతి చదివి నా భార్య చాలాసేపు నవ్వింది. అనుమతి కోసం ఈరోజే ఈమెయిలు పంపించాను. అది వస్తే డిసెంబరు, జనవరి రెండు నెలలకు మాత్రమే వచ్చి చూస్తాము. చిలుము పట్టిన ఛార్జింగు పిన్ను మాట విన్న తరువాత ఆమె కూడా కొంత మెత్తబడింది. ఇల్లు నాలుగు వీధులు లోపల ఉన్నా ఫరవాలేదట, మేడ మీదికి ఎక్కితే సముద్రం కనిపించాలట. అటువంటి మేడ ఉన్న ఇల్లు ఎవరి ఎరుకలోనైనా ఉందా?

గోస్తనీతీరం:

పాత వీధుల్లో అటువంటివి ఉన్నాయి. వచ్చే ముందు ఇక్కడే ఒక మాట రాయండి, మా కేబులు కుర్రవాడిని కూడా వెంటబెట్టుకొని వస్తాను.