కాలేజ్ ఫుట్‌బాల్‌లో ఛాంపియన్‌ని ప్లేఆఫ్‌తోనే తేల్చాలా?

కొలంబస్_పిలగాడు:
అందరికీ నమస్తే. ఒహాయో స్టేట్‌ల ఎంఎస్ చేస్తున్న, ఇక్కడికొచ్చేదాక అమెరికన్ ఫుట్‌బాల్ అంటే ఏందో తెల్వది, 2024 సీజన్ మొత్తం చూసినంక పిచ్చి పట్టింది. కానీ ఒక డౌట్ మనసులకెళ్లి పోతలేదు. మేం ఆ సీజన్ల రెండు ఓడిపోయినం, అక్టోబర్‌ల ఆరెగాన్ చేతిల 32-31, నవంబర్ చివర్ల మా గ్రౌండ్‌లనే మా చిరకాల ప్రత్యర్థి మిషిగన్ చేతిల 13-10, ఆ రోజు ఊరు ఊరంతా సావు ఇల్లు లెక్క ఉండె. అయినా 12 టీమ్‌ల ప్లేఆఫ్‌ల (ఒక్కటి ఓడితే ఇంటికే అనే నాకౌట్) ఎనిమిదో సీడ్‌గ, అంటే ఎనిమిదో స్థానంల దిగి వరుసగ నాలుగు గెలిచి కప్పు తెచ్చినం. ఆరెగాన్ ఏమో 13-0తోని వచ్చింది, బిగ్ టెన్ అనే కాన్ఫరెన్స్ (కొన్ని యూనివర్సిటీల గ్రూపు) ఛాంపియన్, రోజ్ బౌల్ అనే క్వార్టర్‌ఫైనల్‌ల మా చేతిల 41-21 ఓడంగనే ఇంటికి. ఆరెగాన్‌ల డిగ్రీ చేసినామె మా ల్యాబ్‌ల ఉంది, నాలుగు నెలల కష్టం ఒక్క సాయంత్రంల పోవాల్నా అని అడిగితే నాకు జవాబు రాలే. ఇది న్యాయమేనా, జర్నలిస్టులు, కోచ్‌ల ఓట్లతో తేల్చే పాత పద్ధతే మంచిగుండెనా?

ఆబర్న్_పాతకాపు:
తమ్ముడూ, పాత పద్ధతి బాగుండేది అని ఎవరైనా అంటే నాకు కడుపు మండుతుంది. 2004లో నేను ఆబర్న్‌లో చదువుతున్నా. అప్పుడు బీసీఎస్ అని ఉండేది, ఓట్లూ కంప్యూటర్ ర్యాంకింగులూ కలిపి లెక్కేసి టాప్ రెండు టీమ్‌లనే ఫైనల్‌కి పంపేవాళ్లు. ఆ ఏడు యూఎస్‌సీ, ఓక్లహోమా, మేము, ముగ్గురం ఒక్కటి కూడా ఓడలేదు. ఫైనల్‌కి వాళ్లిద్దర్నీ పిలిచారు, సీజన్ మొదలవకముందు నుంచీ ర్యాంకింగ్‌లో వాళ్లు పైన ఉన్నారు, వాళ్లు ఓడితేగా మేం పైకెక్కేది! మేం షుగర్ బౌల్ అనే సీజన్ చివరి మ్యాచ్‌లో వర్జీనియా టెక్ మీద 16-13 గెలిచి 13-0తో ముగించాం, ఏం లాభం. ఆ ఫైనల్ చూస్తే 55-19, ఓక్లహోమా అసలు పోటీయే ఇవ్వలేదు. 2011లో యూఎస్‌సీ టైటిల్‌ని బీసీఎస్ వాళ్లే వెనక్కి తీసుకున్నారు కానీ అది మాకేం ఇవ్వలేదు. ఓట్లు చీలి 1997లో మిషిగన్, నెబ్రాస్కా ఇద్దరూ ఛాంపియన్లే, 2003లో ఎల్‌ఎస్‌యూ, యూఎస్‌సీ ఇద్దరూ ఛాంపియన్లే. ఒక ఆటకి ఇద్దరు ఛాంపియన్లేంటి? మీ ల్యాబ్ అమ్మాయి టీమ్ కనీసం గ్రౌండ్‌లో ఓడింది, మేం ఆడకుండానే ఓడాం.

శనివారం_మ్యాచ్:
అన్నగారి బాధ అర్థమైంది, ప్లేఆఫ్ వద్దని నేనూ అనను, కానీ 12 టీమ్‌లు మాత్రం ఎక్కువ. ఈ ఆటకి ఉన్న అందమే రెగ్యులర్ సీజన్, ఉండేదే 12 మ్యాచ్‌లు, ఒక్కటి పోతే సీజన్ పోయినట్టే అనే భయంతో ప్రతి శనివారం గుండె చేత్తో పట్టుకుని చూసేవాళ్లం. ఇప్పుడు రెండు ఓడినా కప్పు గెలవొచ్చు అంటే మిషిగన్ మ్యాచ్‌కి ఇక ఏం విలువ ఉన్నట్టు? ఐపీఎల్‌లో అయితే టాప్ రెండు టీమ్‌లకి ఒకటి ఓడినా ఇంకో ఛాన్స్ ఉంటుంది, ఆరెగాన్‌కి ఆ పాటిది కూడా లేదు, దొరికింది ఫస్ట్ రౌండ్ బై (ఆడకుండానే రెండో రౌండ్‌కి వెళ్లడం) ఒక్కటే. ఆ ఏడు బై దొరికిన నలుగురూ, ఆరెగాన్, జార్జియా, బోయిసీ స్టేట్, అరిజోనా స్టేట్, క్వార్టర్స్‌లోనే పోయారు. ఇంకోటి, ఒహాయో స్టేట్ పిల్లలు మొత్తం 16 మ్యాచ్‌లు ఆడారు, ఒళ్లు హూనమయ్యే ఆట ఇది. నా మటుకు నాకు ఆరు లేదా ఎనిమిది టీమ్‌లు చాలు.

టాలహాసీ_అక్క:
ఎన్ని టీమ్‌లు అనే దానికంటే లోపలికి ఎవర్ని పంపాలో ఎవరు తేలుస్తున్నారు అనేదే నాకు ముఖ్యం. 2023లో నాలుగు టీమ్‌ల ప్లేఆఫ్ ఉంది కదా, మా ఫ్లోరిడా స్టేట్ 13-0, ఏసీసీ అనే కాన్ఫరెన్స్ ఛాంపియన్, అయినా టీమ్‌లని ఎంచే కమిటీ వాళ్లు రూమ్‌లో కూర్చుని పక్కన పెట్టేశారు, ఎందుకయ్యా అంటే బంతి విసిరి ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్ జోర్డన్ ట్రావిస్‌కి నవంబర్‌లో కాలు దెబ్బతింది, అతను లేకపోతే మీరు అంత గట్టి టీమ్ కాదు అని. ఒక మ్యాచ్ ఓడిన టెక్సస్, అలబామా లోపలికెళ్లాయి. ట్రావిస్ లేకుండానే మావాళ్లు లూయివిల్ మీద 16-6 గెలిచి ఏసీసీ కప్పు పట్టుకున్నారు, అది లెక్కలోకి రాలేదు. ఆ తర్వాత ఆరెంజ్ బౌల్‌లో జార్జియా చేతిలో 63-3 ఓడామని ఇప్పటికీ దెప్పుతారు, అప్పటికే సగం టీమ్ ఆడకుండా తప్పుకుందని మాత్రం ఎవరూ చెప్పరు. 12 టీమ్‌ల పద్ధతిలో ఐదుగురు కాన్ఫరెన్స్ ఛాంపియన్లకి సీటు గ్యారంటీ, నాకు కావాల్సింది అదే. 130కి పైగా టీమ్‌లు, ఒక్కోటి ఆడేది డజను మ్యాచ్‌లు, చాలామంది ఒకరికొకరు ఎదురే పడరు, ఐపీఎల్‌లా ఒక పాయింట్ల టేబుల్ పెట్టి తేల్చే వీలే లేదు.

తమ్ముడూ, ఆరెగాన్ విషయంలో తప్పు ప్లేఆఫ్‌ది కాదు, సీడింగ్‌ది. మొదటి నాలుగు సీడ్‌లు కాన్ఫరెన్స్ ఛాంపియన్లకే అని రూల్ పెట్టారు, దాంతో కమిటీ ర్యాంకింగ్‌లో తొమ్మిదిలో ఉన్న బోయిసీ మూడో సీడ్, పన్నెండులో ఉన్న అరిజోనా స్టేట్ నాలుగో సీడ్ అయిపోయాయి, ఆరో ర్యాంకులో ఉన్న మీరు ఎనిమిదికి జారారు. అలా నంబర్ వన్ ఆరెగాన్‌కి క్వార్టర్స్‌లోనే మీరు తగిలారు. ఆరో సీడ్ పెన్ స్టేట్‌కేమో ఎస్‌ఎంయూ, ఆ తర్వాత బోయిసీ. 2025 సీజన్ నుంచి ఆ రూల్ తీసేసి ర్యాంకింగ్ ప్రకారమే సీడ్ ఇస్తున్నారు.

కొలంబస్_పిలగాడు:
అక్కా, ఈ సీడింగ్ లెక్క నాకు అస్సలు తెల్వది, థాంక్స్. రేపు ల్యాబ్‌ల ఆమెకు ఇదే చెప్త. శనివారం అన్నా, మిషిగన్ మ్యాచ్‌కి విలువ పోయిందన్నరు గానీ కప్పు వచ్చినా ఆ 13-10 ఇక్కడ ఎవ్వరూ మర్చిపోలే. డిసెంబర్‌ల ఫస్ట్ రౌండ్ మా క్యాంపస్‌లనే అయింది, టెనెసీ మీద 42-17, గడ్డకట్టే చలి, టికెట్ దొరకక స్టేడియం బయటనే నిలబడి ఆ అరుపులు విన్న. ఓట్లతోనే తేల్చి ఉంటే మా సీజన్ మిషిగన్ మ్యాచ్‌తోనే అయిపోతుండె.